ఒకే కంప్యూటర్‌లో ఒడిశా పని, ఆంధ్రా పని కలిసిపోకుండా ఎలా?

మీది ఒడిశాలోని పర్లాకిమిడిలో ఆన్‌లైన్ సెంటర్. ఆంధ్రాలోని పాతపట్నం వైపు వాళ్లూ వస్తారు కాబట్టి ఒడిశా భూరికార్డుల సైట్ భూలేఖ్ పక్కనే ఆంధ్రా భూరికార్డుల సైట్ మీభూమి తెరవాలి. టాస్క్‌బార్ నిండిపోయి ఒకరి ఫారం ఇంకొకరి కంట పడుతోందన్నారు. విండోస్ 11 అన్నారు కనుక దానికే చెబుతున్నా.

విండోస్, కంట్రోల్, డి కలిపి నొక్కితే కొత్త డెస్క్‌టాప్, అంటే అదే కంప్యూటర్‌లో విండోలు విడిగా పెట్టుకునే ఇంకో ఖాళీ తెర వస్తుంది. విండోస్, కంట్రోల్ పట్టుకుని ఎడమ, కుడి బాణాలు నొక్కితే ఒకదాన్నుంచి ఇంకోదానికి పోవచ్చు. మూడు చాలు: ఒడిశా, ఆంధ్రా, స్కాన్-ప్రింట్. అంతకు మించితే ఏది ఎక్కడుందో వెతుక్కోడమే సరిపోతుంది. వర్డ్ ఒకచోట, క్రోమ్ ఒకచోట అని మాత్రం విడదీయకండి, ఒక్క దరఖాస్తుకే రెండూ కావాలి. విండోస్, ట్యాబ్ నొక్కి వాట్సాప్ విండో మీద రైట్ క్లిక్ చేస్తే అన్ని డెస్క్‌టాప్‌లలో చూపించే ఎంపిక ఉంటుంది. అది పెట్టుకుంటే కస్టమర్లు పంపే ఫొటోలు ఎక్కడున్నా అందుతాయి.

సెట్టింగ్స్, సిస్టమ్, మల్టీటాస్కింగ్, డెస్క్‌టాప్స్‌లోకి వెళ్లి టాస్క్‌బార్‌కీ ఆల్ట్-ట్యాబ్‌కీ వాడుతున్న డెస్క్‌టాప్ విండోలు మాత్రమే చూపమనండి. ఇది చేయకపోతే విడదీసిన ప్రయోజనం సగం పోయినట్టే.

అసలు చిక్కు లాగిన్లది. డెస్క్‌టాప్ మారినా క్రోమ్ ప్రొఫైల్ (క్రోమ్‌లో విడి ఖాతా లాంటిది) ఒక్కటే అయితే, ఎవరు లాగిన్ అయ్యారో గుర్తుంచుకునే కుకీలూ ఒక్కటే. ఒకే పోర్టల్లో ఇద్దరి లాగిన్లు పక్కపక్కన నిలవవు, రెండోది మొదటిదాన్ని తోసేస్తుంది. ఒడిశాకొకటి, ఆంధ్రాకొకటి క్రోమ్ ప్రొఫైల్ చేసి వేరే రంగులు పెట్టండి. కస్టమర్ సొంత ఖాతా తెరవాలంటే క్రోమ్ ప్రొఫైల్ మెనూలోని గెస్ట్ విండో వాడి, పని అయ్యాక గెస్ట్ విండోలన్నీ మూసేయండి, ఆ లాగిన్ పోతుంది. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు మాత్రం ఉండిపోతాయి, విడిగా తీసేయాలి.

ఒడియా టైపింగ్‌కి ఇంకోటి: టైమ్ అండ్ లాంగ్వేజ్, టైపింగ్, అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఒక్కో యాప్ విండోకి వేరే భాష ఉంచే టిక్ ఉంది. పెడితే వర్డ్‌లో ఒడియా, బ్రౌజర్‌లో ఇంగ్లీషు నిలుస్తాయి. భాష మార్చడానికి మాటిమాటికీ విండోస్-స్పేస్ కొట్టే పని తగ్గుతుంది.

డెస్క్‌టాప్‌లు పెంచినంత మాత్రాన ర్యామ్ ఆదా కాదు. 4 జీబీ మెషీన్ అయితే ట్యాబ్‌లు మూయడమొక్కటే దారి. విండోస్, కంట్రోల్, ఎఫ్4తో డెస్క్‌టాప్ తీసేసినా అందులోని విండోలు మూసుకోవు, పక్కదానికి చేరతాయి. కాబట్టి ముందు ఫారాలు మూసి, ఆ తర్వాతే డెస్క్‌టాప్ తీయండి. కుర్చీ వదిలి లేచేటప్పుడు విండోస్-ఎల్ కొట్టి కంప్యూటర్‌ని లాక్ చేయండి. డెస్క్‌టాప్ మార్చడం తాళం కాదు, బాణం కీ ఎవరైనా నొక్కగలరు.