మింగలేనివాళ్ళకు మూలికలు: మా అమ్మ మోకాళ్ళ దగ్గర నేర్చుకున్నది

మీ అత్తగారికి కషాయం నోట్లో పోయగానే వాంతి వస్తోందని, మింగకుండా మూలికలు వాడే దారి ఉందా అని అడిగారు. మా అమ్మదీ ఇదే గొడవ. మోకాళ్ళ నొప్పులకని చూర్ణం తెస్తే, వాసన చూసి గ్లాసు పక్కన పెట్టేసేది. మేముండేది గాజువాకలో రెండో అంతస్తు. మెట్లు దిగాలంటే ఆవిడకు గండమే.

మాకు పనికొచ్చింది వావిలాకు కాపడం. పెందుర్తి వైపు వెళ్ళినప్పుడు కోసుకొస్తాను. కాడకు ఐదేసి సన్నటి ఆకులు, అడుగు వైపు తెల్లగా ఉంటాయి, నలిపితే ఘాటుగా వాసనొస్తుంది. రెండు గుప్పెళ్ళ ఆకు తరిగి, కొంచెం ఆముదంలో దోరగా వేయించి, పాత నూలుగుడ్డలో మూట కట్టి, పెనం మీద వెచ్చచేస్తూ పావుగంట కాపడం పెడతాను. జిల్లేడాకు కట్టేవాళ్ళూ ఉన్నారు గానీ, దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. మా ఇంట్లోకి రానివ్వను.

మొదటి వారంలోనే ఒక తప్పు చేశాను. అమ్మకు ఎన్నో ఏళ్ళుగా షుగరు. ఉత్సాహం కొద్దీ పాదాలకు కూడా మూట పెట్టాను. “కాలుతోందా అమ్మా?” అంటే “ఏటీ లేదురా, ఇంకా పెట్టు” అంది. తెల్లారేసరికి ఇంత బొబ్బ. షుగరు ముదిరితే పాదాల్లో స్పర్శ తగ్గిపోతుందని డాక్టరుగారు చీవాట్లు పెట్టి చెప్పాక గానీ నాకు తెలియలేదు. ఆ పుండు మానడానికి నెల పట్టింది. ఇప్పుడు మూట ముందు నా మణికట్టు లోపలి వైపు ఆనించి, పది లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగితేనే అమ్మకు పెడతాను.

నొప్పి పోయిందని చెప్పను. రాత్రి నిద్ర మాత్రం పడుతోంది. అందులో సగం ఆకు గొప్పతనం కాదు, వేడిదే అని నా అనుమానం.

జలుబు చేస్తే వాము పలచటి గుడ్డలో కట్టి, అరచేతిలో నలిపి వాసన చూడటం సులువు. ఆ ఘాటు వాములోని థైమాల్‌ది. ఆవిరి పట్టేటప్పుడు అందరూ పసుపు వేస్తారు గానీ, దానికి రంగునిచ్చే కర్క్యుమిన్ ఆవిరితో పైకి రాదు, గిన్నె అడుగునే ఉండిపోతుంది. ఉత్త నీళ్ళ ఆవిరికీ ముక్కు తెరుచుకుంటుంది. గిన్నెను ఒళ్ళో, మంచం మీద పెట్టుకోవద్దు, బల్ల మీదే ఉంచండి. గొంతు మంటకు ఉప్పునీళ్ళు పుక్కిలించి ఉమ్మేస్తే చాలు. పంటి నొప్పికి లవంగం బుగ్గన పెట్టుకుంటే కాసేపు తిమ్మిరెక్కి ఊరట దొరుకుతుంది.

ఇంట్లో పసిపిల్లలుంటే కర్పూరం కలిపిన నూనె వాళ్ళకు రాయకండి. పైన రాసినా ఒంట్లోకి ఇంకుతుంది, ఫిట్స్ రావచ్చు. ముక్కులో నూనె చుక్కలు వేసే నస్యం జోలికి వైద్యుడు దగ్గర లేకుండా నేనైతే పోను.

ఇవన్నీ మోకాలికి, ముక్కుకు, గొంతుకు. షుగరు, బీపీ మాత్రలు వీటిని చూసి ఆపితే ముప్పు కొని తెచ్చుకున్నట్టే. కషాయానికే కాకుండా అన్నానికీ వాంతి వస్తుంటే ముందు అది చూపించండి. అన్నట్టు, అత్తగారికి షుగరు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే మూట మోకాలి దగ్గరే ఆపండి, కిందికి వద్దు.