కావలి నుంచి మెల్‌బోర్న్ వెళ్లిన చెల్లెమ్మకు

చెల్లెమ్మా, ఆయన పోయాక కావలి వదిలి మెల్‌బోర్న్ వచ్చామని, బాబు స్కూల్లో నోరు విప్పడం లేదని, సంవత్సరీకం ఏ రోజు పెట్టాలో తెలియడం లేదని రాశారు.

తిథికి అక్కడి పంచాంగమే చూడండి. మెల్‌బోర్న్ మనకంటే 4.30 గంటలు, వాళ్ల ఎండాకాలంలో 5.30 గంటలు ముందుంటుంది. మన క్యాలెండర్ తేదీ ఒక్కోసారి కుదరదు.

నా బెంగంతా బాబు గురించే. ఇంట్లో తెలుగే మాట్లాడండి, ఇంగ్లీషు రాదేమోనని టెన్షన్ వద్దు. నాన్న ఊసు దాచకండి. ఒంగోలు నుంచి వెళ్లిన మా అక్క కొడుకు వాళ్ల నాన్న చొక్కా దిండు కింద పెట్టుకునేవాడు, ఉతకనిచ్చేవాడు కాదు. ఒకరోజు మామిడికాయ వేసిన చేపల పులుసు చూసి, "నాన్నకి తలకాయ ముక్క కదా" అన్నాడు. మాటలు అక్కణ్నుంచే మొదలయ్యాయి.

కొన్ని నెలలైనా మాట్లాడకపోతే టీచర్‌కి చెప్పి కౌన్సెలర్‌ని కలవండి, తెలుగు దుభాషి కావాలని అడగండి.