ఫార్మల్ మెథడ్స్ మీద రీసెర్చ్ చేయబోతున్న మేనకోడలికి

విజయనగరం

చిరంజీవి భారతికి మావయ్య ఆశీస్సులు.

ఫార్మల్ మెథడ్స్ మీద, అంటే ప్రోగ్రామ్ సరైనదేనని గణితంతో నిరూపించే పద్ధతుల మీద, రీసెర్చ్ చేస్తానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. శ్రీకాకుళంలో ఉండి ఇది చేయగలనా అని టెన్షన్ పడుతున్నావట. పడకు. దీనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఇందులో వాడే టూల్స్ టీఎల్ఏ ప్లస్, అలాయ్, డాఫ్నీ, ఇసబెల్ అన్నీ ఉచితంగానే దొరుకుతాయి. నీ ల్యాప్‌టాప్ చాలు.

కానీ ఏ టూల్ నేర్చుకోవాలా అని మొదలుపెట్టకు. ఏం నిరూపించబోతున్నావో, దేన్ని నమ్ముకుని నిరూపిస్తున్నావో ముందు తెలుగులో రెండు పేజీలు రాసుకో. అది రాయలేకపోతే ఏ టూలూ నిన్ను గట్టెక్కించదు.

ఉదాహరణకి సంక్రాంతి అయ్యాక హైదరాబాద్ వెళ్లే రాత్రి బస్సుకి సీట్లు బుక్ చేసే ప్రోగ్రామ్ అనుకో. అది చేసేది రెండు పనులు: పన్నెండో సీటు ఖాళీయేనా అని చూడటం, ఖాళీ అయితే పేరు రాసుకోవడం. ఇద్దరు ఒకేసారి ఫోన్లు తీశారు. మొదటివాడికి ఖాళీ అని కనబడింది, రెండోవాడికీ అలాగే కనబడింది. మొదటివాడి పేరు పడింది, దాని మీద రెండోవాడి పేరు పడింది. నాలుగే అడుగులు. టెస్టింగ్‌లో ఈ వరస తగలకపోవచ్చు. మోడల్ చెకర్ అనే టూల్ మాత్రం, ఆ ప్రోగ్రామ్‌కి నువ్వు రాసిచ్చిన చిన్న నమూనాలో, అంటే మోడల్‌లో, సాధ్యమైన వరసలన్నీ తిరిగి చూస్తుంది కాబట్టి దీన్ని పట్టుకొచ్చి నీ ముందు పెడుతుంది. చూడటం, రాయడం ఒకే అడుగుగా మారిస్తే ‘ఒక సీటు ఒక్కరికే’ అన్న షరతు నిలబడుతుంది.

చాలామంది అక్కడే ఆగిపోతారు. అసలు ఎవరికీ సీటు ఇవ్వని ప్రోగ్రామ్ కూడా ఆ షరతు పాటిస్తుంది కదా! అందుకే రెండో షరతు కూడా రాయాలి: పట్టి ఉంచిన సీటు ఎప్పటికైనా టికెట్ అవ్వాలి, లేదా విడుదలవ్వాలి. పది నిమిషాలు గడువు పెట్టావనుకో. డబ్బు కట్టిన కబురు బ్యాంకు నుంచి గడువు దాటాక వస్తే? సీటు అప్పటికే ఇంకొకరికి వెళ్లిపోతే? బ్యాంకు జవాబు ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరుతుందని నువ్వు నమ్ముతున్నావా? నీ అసలు పని ఇక్కడే మొదలవుతుంది. మోడల్‌లో ముగ్గురు ప్రయాణికులు, రెండు సీట్లు చాలు. నలభై సీట్లు పెడితే చూడాల్సిన స్థితులు విపరీతంగా పెరిగి మెషీన్ చతికిలబడుతుంది. అయితే రెండు సీట్లకు తేలింది నలభైకీ తేలినట్టు కాదు. ఆ మాట పేపర్లో దాచకుండా రాయి.

అలాగని చిన్న మోడల్‌ని చులకనగా చూడకు. అమెజాన్ ఇంజినీర్లు 2011 నుంచి టీఎల్ఏ ప్లస్ వాడుతున్నారు. వాళ్ల డేటాబేస్ డైనమోడీబీలో వాళ్లకు దొరికిన ఒక తప్పు బయటపడటానికి 35 అడుగుల వరస కావాలి. డిజైన్ రివ్యూలు, కోడ్ రివ్యూలు, టెస్టింగ్ అన్నిటినీ దాటుకుని వచ్చిన తప్పది.

నమ్మకాలు రాసుకోమని ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, 1996 జూన్ 4న అరియాన్ 5 రాకెట్ బయల్దేరిన సుమారు 40 సెకన్లకే ముక్కలైంది. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి మార్చబోతే అది పట్టలేదు. అదే కోడ్ అరియాన్ 4లో బాగానే నడిచింది, ఎందుకంటే అక్కడ ఆ సంఖ్య అంత పెద్దది అయ్యేది కాదు. కొత్త రాకెట్‌కి ఆ లెక్క చెల్లలేదు. ఇక నమ్మకాలు దాచకుండా రాసినవాళ్లూ ఉన్నారు. 2009లో ఎస్‌ఈఎల్4 అనే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) చేసినవాళ్లు సుమారు 8,700 లైన్ల సీ కోడ్‌కి ఇసబెల్‌లో రెండు లక్షల లైన్ల నిరూపణ రాశారు. కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్, హార్డ్‌వేర్ సరిగ్గా పనిచేస్తాయని తాము నమ్ముకున్నట్టు పేపర్లోనే చెప్పేశారు. ఆ రెండు లక్షల లైన్ల కన్నా ఆ ఒక్క మాటే నాకు గొప్పగా అనిపిస్తుంది.

చదవడం మాత్రం 1969లో కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ ప్రోగ్రామ్‌ల నిరూపణ నియమాల మీద రాసిన పేపర్‌తో మొదలుపెట్టు. కొద్ది పేజీలే. అందులోని భాగహారం ఉదాహరణ పెన్ను పట్టుకుని చేసి చూడు. భాజకం సున్నా అయితే ఆ లూప్ ఎప్పటికీ ఆగదు. ప్రోగ్రామ్ ఆగితే జవాబు సరైనదని మాత్రమే ఆ నియమాలు చెబుతాయి.

బస్సు సీట్ల మీద ఆ రెండు పేజీలూ రాసి పంపు. టూల్‌లో ఎక్కించకముందే పంపాలి సుమా. సిరిమాను చూడటానికి వస్తావుగా, అప్పుడు కూర్చుని లైను లైనూ చూద్దాం.

మీ మావయ్య