పేడకళ్ల కింది నల్లటి పురుగు కొబ్బరికి చేటు చేయదు

ప్రశ్న: పశువులను మా కొబ్బరి తోటలోనే మేపుతాము. పేడకళ్ల కింద నేలలో బొరియలు, వాటిలో కొమ్ము ఉన్న పెద్ద నల్లటి పురుగులు కనిపిస్తున్నాయి. మొవ్వును తొలిచే కొమ్ము పురుగు ఇదేనని మందుల దుకాణంలో చెప్పి, ఫోరేట్ గుళికలు వేయమన్నారు. మోతాదు తెలుపగలరు. పశువులకు నులిపురుగులు పోవడానికి మూడు నెలలకోసారి ఐవర్‌మెక్టిన్ సూది వేయిస్తున్నాము.

జవాబు: గుళికలు వేయవద్దు. బొరియలు సరిగ్గా పేడకడి కిందే ఉన్నాయని మీరు రాసిన దానినిబట్టి, అది కొబ్బరి కొమ్ము పురుగు కాదని, కేథార్సియస్ మొలాసస్ అనే పేడపురుగు అయి ఉంటుందని భావిస్తున్నాను. సుమారు 25 నుంచి 40 మిల్లీమీటర్ల పొడవుండే ఈ పురుగు ఒళ్లంతా నల్లగా, పొట్టిగా, వీపు ఉబ్బెత్తుగా ఉంటుంది. తల ముందుభాగం పార అంచులా వెడల్పై పలచబడి ఉంటుంది, మగదానికి తలపై కొమ్ము ఉంటుంది. కొబ్బరి కొమ్ము పురుగు ఇంతకంటే కోలగా ఉండి, మొవ్వులో రంధ్రం చేసి నమిలిన పీచును బయటకు తోస్తుంది. తరువాత విచ్చుకున్న ఆకులపై త్రికోణాకారపు కోతలు కనిపిస్తాయి.

దక్షిణ, ఆగ్నేయ ఆసియా దేశాలలో విస్తరించిన ఈ పేడపురుగు పగలు బొరియలో ఉండి, రాత్రి ఎగురుతూ తాజా పేడను వెదుక్కుంటుంది. పేడ కిందనే సొరంగం తవ్వి, లోపలికి చేరవేసిన పేడను ఉండలుగా చేసి వాటిలో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు ఆ ఉండనే తిని పెరుగుతుంది కనుక మీ చెట్ల వేళ్లకు, మొవ్వుకు దానితో ఏ హానీ లేదు. పైగా పేడ భూమిలోకి చేరి ఎరువవుతుంది, నేల గుల్లబారుతుంది, పేడలో గుడ్లు పెట్టే ఈగలు తగ్గుతాయి. ఫోరేట్ వాడకాన్ని మన దేశంలో 2020 చివరి నుంచే నిషేధించారు. పురుగును చూడకుండానే ఆ గుళికలు అంటగట్టే దుకాణదారు మాట వినడం మానండి.

మొవ్వులో నిజంగా రంధ్రాలుంటే, ఒక పాలు వేపగింజల పొడికి రెండు పాళ్ల ఇసుక కలిపి, చెట్టుకు 150 గ్రాముల చొప్పున లోపలి మూడు ఆకుల మొదళ్లలో వేయండి. కొమ్ము పురుగు పెరిగేది మాగుతున్న ఎరువు గుంటలలో, కుళ్లిన కొబ్బరి మొద్దులలో కాబట్టి వాటిని తొలగించండి.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మీ ఐవర్‌మెక్టిన్ అలవాటు. ఈ మందు చాలావరకు పేడలోనే బయటకు వచ్చి, వారాల తరబడి పేడపురుగు పిల్లలను చంపుతుంది. ముందు పశువైద్యశాలలో పేడ పరీక్ష చేయించండి. నులిపురుగులున్నట్లు తేలితే, వైద్యుని సలహాతో కిలో శరీర బరువుకు 5 మిల్లీగ్రాముల ఫెన్‌బెండజోల్ తాగించవచ్చు. పేడపురుగులకు దీని వల్ల హాని చాలా తక్కువ. గజ్జి వంటి వాటికి ఐవర్‌మెక్టిన్ తప్పనిసరైతే 1 శాతం మందును 50 కిలోల బరువుకు 1 మిల్లీలీటరు చొప్పున చర్మం కింద వైద్యుని చేతనే వేయించండి, పాలిచ్చే పశువులకు వద్దు. సూది వేసిన పశువుల పేడను కనీసం నెల రోజులపాటు తోటలో పడనీయకుండా, తోటకు దూరంగా విడిగా వేయండి.