చిన్న పబ్లిక్ హైస్కూల్లో ఏపీ కోర్సులు తక్కువని ఇల్లు మారాలా? మా అమ్మాయి నాలుగేళ్ల చదువు చూశాక నా జవాబు

మీ బాబు తొమ్మిదో క్లాసులోకి వెళ్తున్నాడు, అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో మీరుండే చోట హైస్కూల్ బాగా చిన్నది, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి) కోర్సులు ఐదారు కూడా లేవు, పక్క స్కూల్ డిస్ట్రిక్ట్‌కి ఇల్లు మారాలా అని అడిగారు. మా అమ్మాయి ఇదే రాష్ట్రంలో అలాంటి స్కూల్లోనే చదివి బయటికొచ్చింది. ఆ ఒక్క కారణానికైతే నేను మారనండి. కాకపోతే ఏపీలు ఎన్ని అని లెక్కపెట్టేముందు అక్కడి షెడ్యూల్ ఎలా నడుస్తుందో చూసుకోవాలి.

చిన్న స్కూల్లో పై కోర్సులు చాలావరకు ఒక్కో సెక్షనే ఉంటాయి. పిల్లలకి కోర్సులు ఎంచుకోవడంలో సాయపడే స్కూలు కౌన్సెలర్లు వాటిని సింగిల్‌టన్లు అంటారు. పెద్ద స్కూల్లో కెమిస్ట్రీ రెండో పీరియడ్‌లో కుదరకపోతే ఐదో పీరియడ్‌లో దొరుకుతుంది, ఇక్కడ రోజుకి ఒక్కసారే. మా అమ్మాయికి పదకొండులో ఫిజిక్స్, ఆర్కెస్ట్రా ఒకే పీరియడ్‌లో పడ్డాయి. ఏదో ఒకటి వదులుకోమన్నారు. కోర్సు కేటలాగ్‌లో మాత్రం రెండూ దర్జాగా ఉన్నాయి! కొన్ని కోర్సులు ఏడాది విడిచి ఏడాది పెడతారు. కొన్ని సరిపడా పిల్లలు చేరకపోతే రద్దవుతాయి. కొన్ని ఒక్క టీచర్ మీదే నడుస్తాయి, ఆవిడ వెళ్లిపోతే కోర్సూ పోతుంది. అందుకే కేటలాగ్ చూసి ఏ నిర్ణయానికీ రాకండి. కౌన్సెలర్ని కలిసి గత రెండు మూడేళ్లలో ఏ కోర్సులు నిజంగా నడిచాయి, ఏ పీరియడ్‌లో నడిచాయి అని అడగండి. అడిగితే చెప్తారు, చిన్న స్కూల్లో కౌన్సెలర్ దొరకడం కూడా తేలికే.

ఇంకో లెక్క ఉంది. ఇక్కడ హైస్కూల్ గ్రాడ్యుయేషన్‌కి రాష్ట్రం 24 క్రెడిట్లు అడుగుతుంది, ఏడాది పాటు ఒక కోర్సు చదివితే ఒక క్రెడిట్. రోజుకి ఆరు పీరియడ్లుంటే ఏడాదికి ఆరు క్రెడిట్లు, నాలుగేళ్లకి సరిగ్గా 24. ఒక్కటి తప్పినా వేసవిలోనో ఆన్‌లైన్‌లోనో పూడ్చుకోవాలి. మీ స్కూల్లో ఏడు పీరియడ్లుంటే కాస్త ఊపిరాడుతుంది. లెక్కల వరస కూడా ఇప్పుడే చూసుకోండి. ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 అయిపోయిన పిల్లలకి తొమ్మిదిలో జామెట్రీ, తర్వాత ఆల్జీబ్రా 2, ప్రీకాలిక్యులస్, పన్నెండులో కాలిక్యులస్ వస్తాయి. మీవాడు దీనికన్నా ఒక ఏడాది ముందుంటే పన్నెండులో స్కూల్లో చదవడానికి లెక్కల కోర్సే ఉండకపోవచ్చు.

అక్కడ ఆదుకునేది రన్నింగ్ స్టార్ట్ అనే పథకం. ఈ రాష్ట్రంలో 1990ల నుంచీ ఉంది. పదకొండు, పన్నెండు చదివే పిల్లలు కమ్యూనిటీ కాలేజీలో (దగ్గర్లో ఉండే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ) క్లాసులు తీసుకోవచ్చు, ట్యూషన్ ఫీజు కట్టక్కర్లేదు. పుస్తకాలు, కొన్ని ఫీజులు, రాకపోకలు మాత్రం మనవే. ఐదు కాలేజీ క్రెడిట్లు హైస్కూల్లో ఒక క్రెడిట్ కింద లెక్క, అంటే ఏడాది పాటు సాగే కోర్సు ఒక్క క్వార్టర్లో, అంటే దాదాపు మూడు నెలల టర్మ్‌లో ముగుస్తుంది. మా అమ్మాయి ఆర్కెస్ట్రా వదలకుండా ఫిజిక్స్ అక్కడ చేసింది. వేగం మామూలుగా ఉండదు, మొదటి మిడ్‌టర్మ్ తర్వాత ఇంట్లో కొన్నాళ్లు ఎవరూ మాట్లాడుకోలేదనుకోండి. అక్కడొచ్చిన గ్రేడు కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో (మార్కుల రికార్డులో) శాశ్వతంగా ఉండిపోతుందని ముందే చెప్పి పంపండి. రెండు క్యాలెండర్లూ కలవవు. కాలేజీ సెప్టెంబరు చివర్లో మొదలవుతుంది, సెలవులు వేరు. బస్సు సౌకర్యం లేకపోతే డ్రైవింగ్ మీ మీదే పడుతుంది. ఆ క్రెడిట్లు రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలకి బాగానే బదిలీ అవుతాయి. ప్రైవేటు కాలేజీలు, బయటి రాష్ట్రాలవి ఒక్కోటీ ఒక్కోలా చూస్తాయి.

స్కూలు వదిలి వెళ్లక్కర్లేనిది ఇంకోటి ఉంది, కాలేజ్ ఇన్ ద హైస్కూల్ అని. మీ టీచరే మీ క్లాసులోనే కాలేజీ కోర్సు చెప్తారు. 2023లో చట్టం మారాక ప్రభుత్వ కాలేజీలు, యూనివర్సిటీల ద్వారా నడిచే ఈ కోర్సులకి పబ్లిక్ స్కూలు పిల్లలు ఫీజు కట్టక్కర్లేదు. ఏపీ పెట్టలేని చిన్న స్కూళ్లు దీన్ని పెట్టుకుంటుంటాయి, అందుకే ఏపీల పట్టిక ఒక్కటే చూస్తే స్కూలు అసలు కన్నా పేదగా కనిపిస్తుంది.

మనవాళ్లు నలుగురు కలిస్తే "మీవాడు ఎన్ని ఏపీలు?" అనే ప్రశ్నే ముందొస్తుంది. అడ్మిషన్ వాళ్లు ఆ అంకెను ఒంటరిగా చూడరు. కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకి కలిపి పెట్టే ఒకే దరఖాస్తు) కౌన్సెలర్ స్కూల్ ప్రొఫైల్ కూడా పంపుతారు, స్కూల్లో ఏ కోర్సులున్నాయో అందులో ఉంటుంది. ఉన్నవాటిలో ఈ విద్యార్థి ఎంత కష్టమైనవి ఎంచుకున్నాడో కూడా రాస్తారు. ఐదే ఉన్నచోట నాలుగు తీసుకున్న పిల్లని, పాతిక ఉన్నచోట నాలుగు తీసుకున్న పిల్లని ఒకే తక్కెడలో వెయ్యరు. లేని ఏపీని సొంతంగా చదివి మే నెలలో పరీక్ష రాయడమూ కుదురుతుంది. బయటి పిల్లల్ని రాయనిచ్చే స్కూలు వెతుక్కోవాలి, అదీ స్కూళ్లు తెరిచిన కొత్తలోనే. నవంబరు దాటితే కష్టం.

చిన్న స్కూలు వల్ల మాకు బాగా కలిసొచ్చింది టీచర్లే. ఒకే ఇంగ్లిష్ టీచర్ మా అమ్మాయికి రెండేళ్లు చెప్పారు, తొమ్మిదిలో రాసిన వ్యాసాలు కూడా ఆయనకి గుర్తే. ఆయన ఇచ్చిన సిఫారసు ఉత్తరంలో మా అమ్మాయి ఎలాంటి మనిషో కనిపించింది. కాకపోతే యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ సియాటిల్ క్యాంపస్ సిఫారసు ఉత్తరాలే తీసుకోదు, మీ లక్ష్యం అదొక్కటే అయితే ఈ లాభాన్ని పెద్దగా లెక్కలో వేసుకోకండి.

ఒక్క సందర్భంలో మాత్రం నేనైనా మారడం గురించి ఆలోచిస్తాను. బాబు లెక్కల్లో ఇప్పటికే రెండేళ్లు ముందుండి, దగ్గర్లో కమ్యూనిటీ కాలేజీ లేక, ఇంట్లో పగలు కారు నడిపేవాళ్లు కూడా లేకపోతే. అప్పుడైనా ఇల్లు అమ్మకముందు పక్క డిస్ట్రిక్ట్‌ వాళ్లకి చాయిస్ ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్ పెట్టి చూడండి. ఖాళీలుంటే ఇల్లు మారకుండానే చేర్చుకుంటారు.