కోరింగ మడ అడవికి ఒక రోజు: ముందు పోటు చూడు, తర్వాత టైము చూడు

చిరంజీవి అబ్బాయికి మేనత్త ఆశీస్సులు.

సంక్రాంతి సెలవులకు పిల్లల్నీ, మీ అత్తగారినీ మామగారినీ తీసుకుని కాకినాడ వస్తున్నానని, ఒక రోజు కోరింగ చూపించాలని ఉందని రాశావు. చాలా సంతోషం నాన్నా. నువ్వు పంపిన ప్లాన్ చదివాను. పొద్దున కోరింగ, మధ్యాహ్నం హోప్ ఐలాండ్, ఆ తర్వాత ద్రాక్షారామం, సాయంత్రం యానాం అని ఉంది. అందులో కోరింగ ఒక్కటీ ఉంచి మిగతావన్నీ కొట్టెయ్యి. యానాం ఆ దారిలోనే ఉంది కాబట్టి సాయంత్రం ఓపిక మిగిలితే గోదావరి గట్టు చూసి వెనక్కి రావచ్చు. హోప్ ఐలాండ్ మాత్రం వేరే రోజు సంగతి. అక్కడికి పడవ మీద సముద్రంలో వెళ్లాలి. పైగా జనవరి నుంచి ఆ ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. అటవీ శాఖ వాళ్లను అడక్కుండా ఎవరో తీసుకెళ్తామన్నారని పిల్లల్ని పడవ ఎక్కించకు.

కోరింగ వెళ్లేవాళ్లలో చాలామంది పదకొండింటికి దిగి, చెక్కల వంతెన మీద ఆ చివరిదాకా నడిచి, ఫోటోలు తీసుకుని, 'ఏముంది, అన్నీ పొదలే' అని వెళ్లిపోతారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. అది 1978లో అభయారణ్యంగా ప్రకటించిన అడవి, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. కానీ మామూలు అడవిలా ఎప్పుడు వెళ్లినా ఒకేలా కనిపించదు. సముద్రం రోజుకు రెండుసార్లు దాని లోపలికి వచ్చి వెళ్తుంది. నీరు లోపలికి ఎక్కడం పోటు, వెనక్కి తీయడం పాటు. అందుకే అక్కడ నీకు ఏం కనిపిస్తుందన్నది నువ్వు వెళ్లే వేళకు సముద్రం పోటు మీద ఉందా, పాటు మీద ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

కాబట్టి డేట్ ఖాయం చేసే ముందు పోటు టైములు చూడు. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఉంది, వాళ్లు మిగతా సముద్రం కబుర్లతో కలిపి వీటినీ ఇస్తారు. పోటుకూ పాటుకూ మధ్య సుమారు ఆరు గంటలు పడుతుంది. ఈ రోజు ఏడింటికి పాటు అయితే రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా అవుతుంది. కాకినాడ రేవుకు చెప్పే టైము కంటే లోపలి పాయల్లోకి నీరు కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడా ఎంతో అక్కడి పడవ వాళ్లను అడిగితే సరిగ్గా చెబుతారు. అమావాస్యకు, పౌర్ణమికి దగ్గర రోజుల్లో పోటు బాగా ఎక్కుతుంది, పాటుకు నీరు బాగా లోపలికి లాగేస్తుంది. అష్టమి ప్రాంతంలో ఆ తేడా తక్కువ. నీకు వీలుంటే పొద్దున పాటు ఉండి, మధ్యాహ్నానికి పోటు ఎక్కే రోజు చూసుకో. పాటు మీద వంతెన, పోటు మీద పడవ. నీరు తక్కువైతే సన్న పాయల్లోకి పడవ వెళ్లదు, మరి పడవ ఎక్కేది ఆ పాయల కోసమే కదా.

ఒక్క రోజు మాత్రం వద్దు. పుష్య మాసం చివర చొల్లంగి అమావాస్య వస్తుంది. సముద్ర స్నానాలకు చుట్టుపక్కల ఊళ్ల జనమంతా చొల్లంగి వస్తారు. మీ దారి అదే. స్నానానికి వస్తే తప్పకుండా రండి, అడవి చూడ్డానికైతే ఆ రోజు పెట్టుకోకండి. ఆదివారాలు కూడా మానుకుంటే మంచిది. మైకులూ స్పీకర్లూ పెట్టే గుంపులు వస్తే పక్షులు ఆ దరిదాపుల్లో ఉండవు.

కాకినాడ నుంచి యానాం రోడ్డు మీద దాదాపు 20 కిలోమీటర్లు. ఆర్టీసీ బస్సులున్నాయి గానీ పెద్దవాళ్లతో కాబట్టి కారు మాట్లాడుకో. గేటు ఎన్నింటికి తీస్తారు, ఆ రోజు పడవలు తిప్పుతున్నారా అని ముందురోజే ఫోన్ చేసి కనుక్కో. వాన పడినా, గాలి ఎక్కువగా ఉన్నా పడవలు ఆపేస్తారు. గేటు తీసే వేళకంటే ముందే చేరినా నష్టం లేదు. తాళ్లరేవు చుట్టూ ఉన్న చెరువు గట్ల మీద, కాలవల పక్కన పొద్దుటి వేళ నత్తగుల్ల కొంగలు, తెల్లకొంగలు, లకుముకి పిట్టలు దొరుకుతాయి. జనవరి అంటే వలస పక్షులు వచ్చి ఉండే కాలం కూడా. బైనాక్యులర్స్ ఒకటి ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకో.

ఇప్పుడు వంతెన సంగతి. పాటు మీద వెళ్తే రెండు పక్కలా బురద బయటపడి ఉంటుంది. పిల్లలు ముందుకు పరుగెడతారు. వాళ్లను మొదటి మలుపులోనే ఆపి, కటకటాల దగ్గర కదలకుండా నిలబడమను. అడుగుల చప్పుడుకు పీతలు బొరియల్లోకి దూరిపోతాయి. మనం కదలకపోతే కాసేపటికి ఒక్కొక్కటే పైకి వస్తాయి. ఒక డెక్క చిన్నదీ, ఇంకోటి ఒళ్లంత పెద్దదీ ఉన్నవి మగ పీతలు. ఆ పెద్ద డెక్క ఊపడం ఆడ పీతను పిలవడానికి, పక్క మగ పీతను బెదిరించడానికి. నీళ్లంచున కళ్లు నెత్తి మీద ఉన్న బురద చేపలు రెక్కల మీద పాకుతూ, గెంతుతూ ఉంటాయి. ఒళ్లు తడిగా ఉన్నంతసేపూ అవి నీటి బయట కూడా గాలి పీల్చగలవు. నీళ్లలోనే కాకుండా నేల మీద కూడా తిరిగే చేపను చూస్తే మీ పిల్లలు అక్కణ్ణుంచి కదలరు. వాళ్లను తొందరపెట్టకు.

బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చినవి మడ చెట్ల ఊపిరి వేర్లు. ఆ బురదలో గాలి ఉండదు, అందుకని వేరు తానే పైకి వచ్చి గాలి తీసుకుంటుంది. తెల్లమడ, నల్లమడ ఆకుల మీద సన్నటి ఉప్పు పేరుకుని ఉంటుంది. లోపలికి వచ్చిన ఉప్పును చెట్టు ఆకుల ద్వారా బయటికి పంపేస్తుంది. కొన్ని చెట్లకు విత్తనం కొమ్మ మీద ఉండగానే మొలకెత్తి, పొడుగ్గా కిందికి వేలాడుతుంది. కింద పడితే బురదలో నాటుకుంటుంది, లేదా నీళ్లలో కొట్టుకుపోయి ఎక్కడో ఒడ్డున పాతుకుంటుంది. ఇవన్నీ చూపించు గానీ ఆకులు తెంపనివ్వకు. ముఖ్యంగా తిల్ల చెట్టు ఉంటుంది. దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, ఒంటికి తగిలినా మంట. ఏది తిల్లో మనకు తెలియదు కాబట్టి దేన్నీ ముట్టుకోవద్దనడమే మేలు. వంతెన దిగి బురదలో కాలు పెట్టడం అసలే వద్దు. కాలు కూరుకుపోతుంది, ఊపిరి వేర్లు విరుగుతాయి.

బావురు పిల్లిని చూపిస్తానని పిల్లలకు మాట ఇచ్చానన్నావు. ఆ మాట కొంచెం మార్చు. ఇంటి పిల్లి కంటే బాగా పెద్దది, నీళ్లలోకి దూకి చేపలు పట్టే పిల్లి అది. కోరింగలో ఉంది, కానీ ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది. దాని ఇంట్లోకి వెళ్తున్నామని చెప్పు. మెత్తటి బురదలో అడుగులు వెతకమను. నీటికుక్కలు పొద్దునా సాయంత్రమూ పాయల్లో గుంపుగా ఈదుతూ కనిపించే అవకాశం ఉంది, అదీ ఖాయం కాదు. కనిపించినా అరవకూడదని ముందే చెప్పి ఉంచు.

మధ్యాహ్నం లోపు ఎండ, ఉక్క పెరుగుతాయి. మీ మామగారికి బీపీ అన్నావు కదా, వంతెన మొత్తం నడిపించకు. ఉదయం మంచుకు చెక్కలు జారతాయి, పట్టున్న చెప్పులు వేసుకోమను. నీళ్లు, మజ్జిగ ఎక్కువగా పెట్టుకో. పులిహోర, పెరుగన్నం ఇంట్లో కట్టించుకుని రండి, నేనే చేసి పంపుతాను. తినడం మాత్రం గేటు బయట. ఒక్క ప్లాస్టిక్ కవరు కూడా లోపల వదలొద్దు. పాటు లాక్కెళ్లిన కవరు పోటుకు తిరిగొచ్చి ఊపిరి వేర్లకు చుట్టుకుంటుంది. దోమలకు పూత మందు, పిల్లలకు పొడుగు చేతుల చొక్కాలు మర్చిపోకు.

పడవ ఎక్కినప్పుడు అందరికీ లైఫ్ జాకెట్ ఉండాలి. ఈత వచ్చినా సరే. ఇవ్వకపోతే ఎక్కొద్దు, మొహమాటపడకు.

పడవలో వెళ్తున్నప్పుడు పిల్లలకు ఆ ఊరి కథ చెప్పు. కోరింగ ఒకప్పుడు ఓడల రేవు. అక్కడ ఓడలు కట్టేవాళ్లు, బాగుచేసేవాళ్లు. అక్కణ్ణుంచి మనవాళ్లు బర్మా వెళ్లేవాళ్లు. 1789లో ఒక తుపాను, 1839 నవంబరులో ఇంకో తుపాను, ఉప్పెన ఆ ఊరిని ముంచేశాయి. ఆ తర్వాత రేవు మళ్లీ కోలుకోలేదు. 1996 నవంబరు తుపాను నాకు బాగా గుర్తు. మడ అడవి అడ్డుగా ఉన్న చోట నీటి దెబ్బ తగ్గిందని ఇక్కడి జాలరివాళ్లు ఇప్పటికీ చెబుతారు. అడవి పాడైన చోట్ల ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్ వాళ్లు ఊరివాళ్లతో కలిసి చేప ముల్లు ఆకారంలో కాలవలు తవ్వి, పోటు నీరు లోపలికి వచ్చేలా చేసి మళ్లీ మొక్కలు నాటారు. పడవ నడిపేవాళ్లలో పెద్దవాళ్లుంటే ఈ సంగతులు నీకంటే బాగా చెబుతారు. వాళ్లను గారు అని పిలిచి అడుగు, పిల్లల్నీ అలాగే పిలవమను.

డేట్ అనుకున్నాక నాకు ఫోన్ చెయ్యి. ఆ రోజు పోటు ఎప్పుడో ఇక్కడ జాలరిపేటలో కనుక్కుని చెబుతాను, దాన్ని బట్టి కారు ఎన్నింటికి మాట్లాడాలో తేలుస్తాం. మామగారి మందుల చీటీ తెచ్చుకోవడం మర్చిపోకు. కోడలికి, పిల్లలకి నా దీవెనలు.

ప్రేమతో,
మీ మేనత్త