‘ఫండింగ్ ఉంది’ అంటే సరిపోదు, ఏ డబ్బు, ఎప్పటివరకు అని అడగమనండి

మీ తమ్ముడికి అమెరికాలో బయాలజీ పీహెచ్‌డీ సీటొచ్చింది, ఫండింగ్ లెటర్ కూడా ఇచ్చారు, కానీ అక్కడి ప్రభుత్వం గ్రాంట్లు ఆపేస్తోందట, పంపొచ్చా అని అడిగారు. నేను అక్కడ ఒక స్టేట్ యూనివర్సిటీలో పోస్ట్‌డాక్‌ని, అంటే పీహెచ్‌డీ అయ్యాక ప్రొఫెసర్ ల్యాబ్‌లో రీసెర్చ్ చేసేవాణ్ణి. 2025 అంతా ఈ గొడవలోనే గడిచింది నాకు.

2025 ఫిబ్రవరి 7, శుక్రవారం. వైద్య పరిశోధనకి గ్రాంట్లిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ ఒక నోటీసు ఇచ్చింది: ఇకపై ఏ యూనివర్సిటీకైనా ఓవర్‌హెడ్ 15 శాతమే, సోమవారం నుంచే అమలు. ఓవర్‌హెడ్ అంటే గ్రాంట్ పైన యూనివర్సిటీకి అదనంగా ఇచ్చే డబ్బు. అది యూనివర్సిటీ మింగేసే కమీషన్ అని వచ్చిన కొత్తలో నేనూ అనుకున్నాను. కానీ ఎలుకల్ని పెంచే గదులు, ఫ్రీజర్ల కరెంటు బిల్లు, కెమికల్ వేస్ట్ తీసుకెళ్లే మనుషులు, గ్రాంట్ లెక్కలు చూసే ఆఫీసు, అన్నీ దాంతోనే నడుస్తాయి. ప్రొఫెసర్‌కి ఏడాదికి 2,50,000 డాలర్ల గ్రాంట్ వస్తే, 55 శాతం రేటున్న యూనివర్సిటీకి పైన ఇంకో 1,37,500 వస్తుంది. 15 శాతమైతే 37,500. పెద్ద పరికరాలు, ట్యూషన్ ఫీజు వంటివి లెక్కలో కలపరు కాబట్టి అసలు అంకె కాస్త తగ్గుతుంది గానీ, ఒక్క గ్రాంట్ మీదే దాదాపు లక్ష డాలర్ల తేడా.

రాష్ట్రాలు, యూనివర్సిటీలు కోర్టుకెళ్లాయి. బోస్టన్‌లోని ఫెడరల్ కోర్టు ముందు ఆపింది, ఏప్రిల్‌లో ఆ నోటీసుని కొట్టేసింది. అంటే కోత అమలే కాలేదు. మా దగ్గర మాత్రం ఆ వారంలోనే నియామకాలు ఆపేశారు, తీర్పు వచ్చాక కూడా మళ్లీ మొదలుపెట్టలేదు. రెండు గ్రాంట్ల మధ్య ఖాళీ వస్తే డిపార్ట్‌మెంట్ సర్దే బ్రిడ్జ్ డబ్బుకి కూడా తాళం పడింది.

సరిగ్గా అప్పుడే మాకు ఆ డబ్బు అవసరమైంది. మా ప్రొఫెసర్ గ్రాంట్‌ని పొడిగించే రెన్యువల్ దరఖాస్తు ఫిబ్రవరిలో ఎన్ఐహెచ్ రివ్యూకి రావాలి. జనవరి చివర్లోనే రివ్యూ మీటింగులు నిలిపేశారు. స్కోరు వచ్చేసరికి వేసవి అయింది, పాత గ్రాంట్ అయిపోయింది. మా ఎలుకల కాలనీ మొత్తం చూసుకునే టెక్నీషియన్ ఒకావిడ ఉండేది, పదకొండేళ్ల అనుభవం. ఆగస్టులో ఆవిణ్ణి తీసేయాల్సి వచ్చింది. నవంబర్‌లో రెన్యువల్ వచ్చింది, ఆవిడ అప్పటికే వేరే చోట చేరిపోయింది. మూడు నెలల్లో రెండు రకాల ఎలుకలు మా చేతుల్లో నిలవలేదు. నాది హెచ్1బీ వీసా, ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి ఉన్నది 60 రోజులే. అమ్మ ఫోన్ చేసి గొంతు అలా ఉందేంట్రా అంటే నిద్ర లేదమ్మా అనేవాణ్ణి. అబద్ధం కూడా కాదు.

పెద్దగా వార్తల్లోకి రాని మార్పు ఇంకోటుంది. ఐదేళ్ల గ్రాంట్‌కి ఇదివరకు ఏ ఏడాది డబ్బు ఆ ఏడాదే ఇచ్చేవారు. 2025లో చాలా గ్రాంట్లకి అన్నేళ్ల డబ్బూ ఒకేసారి ఇవ్వడం మొదలుపెట్టారు. ఐదేళ్ల అద్దె ముందే కట్టేయడం లాంటిది. వచ్చినవాడికి నిశ్చింత, కానీ బడ్జెట్ అంతే కాబట్టి కొత్తగా అందేది తక్కువమందికి. నా ఉద్దేశంలో ఓవర్‌హెడ్ కంటే దీనికే ఎక్కువ భయపడాలి.

ఇక మీ తమ్ముడి సంగతి. నేనైతే పంపిస్తాను, కొన్ని అడిగాక. మొదటి ఏడాది డబ్బు సాధారణంగా డిపార్ట్‌మెంట్‌ది, తర్వాత ప్రొఫెసర్ గ్రాంట్‌ది. విద్యార్థులకి స్టైపెండ్ ఇచ్చే ఎన్ఐహెచ్ ట్రైనింగ్ గ్రాంట్లు, ఎన్ఎస్ఎఫ్ (అక్కడి ప్రభుత్వ సైన్స్ సంస్థ) ఫెలోషిప్ అమెరికన్ పౌరులకి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. అందుకే పక్క సీటు అమెరికన్ కుర్రాడి కంటే మనవాడు ప్రొఫెసర్ గ్రాంట్ మీద ఎక్కువ ఆధారపడతాడు. గ్రాంట్ పోతే టీఏ (క్లాసుల్లో బోధనకి సాయపడే పని, దానికి జీతం) ఇస్తారా, ఎన్నేళ్లు, అది లెటర్‌లో ఉందా అని ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టమనండి. మొహమాటం వద్దు, ఈమధ్య అందరూ అడుగుతున్నారు.

ప్రొఫెసర్ గ్రాంట్ సంగతి ఎవర్నీ అడగక్కర్లేదు. ఎన్ఐహెచ్ రిపోర్టర్ అనే సైట్లో పేరు కొడితే ఎంత, ఎప్పటివరకు అని కనిపిస్తుంది, లాగిన్ కూడా అక్కర్లేదు. ముగింపు తేదీ ఏడాదిలోపే ఉండి, వేరే గ్రాంట్ కనబడకపోతే, ల్యాబ్ రొటేషన్లలో (గైడ్‌ని ఎంచుకునే ముందు కొన్ని ల్యాబుల్లో కొన్ని వారాలు పనిచేసి చూడటం) ఇంకో ఇద్దరు ప్రొఫెసర్లని కూడా పెట్టుకోమని చెప్పండి.